నెలనెలా మాత్ర అందేదెక్కడ?

2023 డిసెంబరులో పది రోజుల తేడాతో రెండు తెలుగు రాష్ట్రాలూ ఆరోగ్యశ్రీ పరిమితి పెంచాయి. అప్పుడే గద్దెనెక్కిన తెలంగాణ ప్రభుత్వం 9వ తేదీన దాన్ని 10 లక్షల రూపాయలు చేస్తే, ఎన్నికల ముంగిట ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 18న ఏకంగా 25 లక్షలకు చేర్చింది. గుండెకు ఆపరేషన్ పడ్డ పేదింటికి అది కొండంత అండ, సందేహం లేదు. అయితే ఆ గుండెను అంతదాకా రాకుండా కాపాడగలిగే బీపీ మాత్ర ఖరీదు రెండు మూడు రూపాయలు. కాకపోతే దాన్ని రోజూ వేసుకోవాలి, ఏళ్ల తరబడి వేసుకోవాలి, నెలకోసారి ఎవరైనా చేతికి పట్టీ చుట్టి చూసి మోతాదు సరిపోతోందో లేదో చెప్పాలి.

పాతిక లక్షల వైద్యానికి కార్డుంది. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది. ఈ చవక మాత్రకే దారి పదేపదే తెగుతోంది. ప్రాథమిక వైద్యం కోసం తెలుగు నేల మీద డెబ్భై ఏళ్లుగా జరిగిన ప్రయోగాలను వరసన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆపదలో ఆదుకునే ఏర్పాట్లలో ఈ రాష్ట్రాలు దేశానికే దారి చూపాయి. ఆపదేమీ లేని మామూలు రోజున అదే మనిషి, అదే చోట, అదే రోగిని చూసే ఏర్పాటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతూ వచ్చాయి.

భోర్ కమిటీ లెక్క, మిగిలిన లెక్క

మన ఊళ్లలో కనిపించే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సర్ జోసెఫ్ భోర్ కమిటీ ఆలోచన. 1943లో ఏర్పడిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేకపోవడం వల్ల ఎవరికీ వైద్యం దూరం కాకూడదన్నది దాని మూలసూత్రం. ముందుగా 40 వేల మందికి ఒక కేంద్రం పెట్టాలనీ, కాలక్రమంలో పది ఇరవై వేల జనాభాకు 75 పడకల కేంద్రం రావాలనీ కమిటీ సూచించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదలైన సమాజాభివృద్ధి పథకంతో పాటు బ్లాకుకొక కేంద్రం చొప్పున పని ఆరంభమైంది. ఇవాళ్టి ప్రమాణం ప్రకారం మైదానంలో 30 వేల మందికి, కొండ ప్రాంతాల్లో, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలి. దాని కింద అయిదు వేల మందికొకటి, ఏజెన్సీలో మూడు వేల మందికొకటి ఉపకేంద్రం. ఆ పీహెచ్‌సీలో నాలుగైదు మంచాలుంటే గొప్ప. భోర్ కమిటీ రాసిన 75 పడకల మాట కాగితం దాటి రాలేదు.

కేంద్రాలు వచ్చాయి గానీ, అవి చేసిన పని వేరు. చాలా ఏళ్లపాటు ఊరికి పీహెచ్‌సీ అంటే కు.ని. ఆపరేషన్ల క్యాంపు, పల్స్ పోలియో ఆదివారం, మలేరియా మందు పిచికారీ. నెలకు ఇన్ని కేసులు తేవాలన్న లక్ష్యంతో ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ లక్ష్యాల పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 1996లో ఎత్తేసేదాకా కుటుంబ నియంత్రణే ఆ వ్యవస్థకు ప్రాణం. 1978లో ఆల్మా అటా సదస్సులో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ‘2000 నాటికి అందరికీ ఆరోగ్యం’ అని తీర్మానించినప్పుడు భారత్ కూడా సంతకం చేసింది. మంచినీరు, తిండి, తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, అత్యవసర మందులు అన్నీ కలిపితేనే ప్రాథమిక వైద్యమని ఆ ప్రకటన సారం. మన దగ్గర వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కో శాఖ, ఒక్కో పథకం, ఒక్కో రిజిస్టరు ఏర్పడ్డాయి. రోగిని మాత్రం ఎవరూ పూర్తిగా తమవాడనుకోలేదు.

తాళం వేసిన తలుపు, తెరిచి ఉన్న అరుగు

భవనం ఉన్నంత మాత్రాన వైద్యం ఉన్నట్టు కాదని చెప్పిన అధ్యయనాల్లో ముఖ్యమైనది రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఆంగస్ డీటన్, ఎస్తర్ డఫ్లో 2004లో ప్రచురించిన ఆ పరిశీలన ప్రకారం ఉపకేంద్రాలు పనివేళల్లో 56 శాతం మూసే ఉన్నాయి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఊహించేందుకు ఒక వరస కూడా లేదు. సోమవారం తెరిచి ఉంటుందనో, ఉదయం పూట దొరుకుతారనో చెప్పలేని చోటికి రెండు మైళ్లు నడిచి ఎవరు వెళ్తారు?

ఆ జిల్లాలోనే తర్వాత నర్సుల హాజరు మీద నిఘా పెట్టి, రాని రోజుకు జీతం కోశారు. మొదటి నెలల్లో ఫలితం కనిపించింది. ఏడాదిన్నర తిరగకుండానే ‘మినహాయింపు రోజులు’ పెరిగిపోయి పరిస్థితి మునుపటికి వచ్చింది. పైఅధికారులే ఆ మినహాయింపులు ఇచ్చారు. ఈ మధ్య ముఖ గుర్తింపు యాప్‌తో హాజరు వేయిస్తున్న తెలుగు రాష్ట్రాల అధికారులు చదవాల్సిన అనుభవమది.

సర్కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియనప్పుడు, ఎప్పుడూ తెరిచి ఉండే అరుగు ఆర్‌ఎంపీది. రాత్రి పదింటికి పిలిచినా వస్తాడు. పంట చేతికొచ్చాక ఇవ్వమంటాడు. ఇంటిపేరుతో పలకరిస్తాడు. డిగ్రీ లేదు, చేతిలో మాత్రం సూది ఉంటుంది. నీరసమంటే సెలైన్ ఎక్కిస్తాడు, ఒళ్లునొప్పులకు స్టెరాయిడ్ ఇస్తాడు, జలుబుకు యాంటీబయాటిక్ రాస్తాడు. పట్నంలోని ఆసుపత్రికి పంపితే కమీషను వస్తుందన్నది ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యం. వైద్యుల సంఘాలు వీళ్ల మీద కేసులు పెట్టాలంటాయి. రాజకీయ పార్టీలు శిక్షణ ఇచ్చి గుర్తింపు ఇస్తామంటాయి. ఈ రెండు మాటల మధ్య దశాబ్దాలు గడిచాయి.

శిక్షణ ఇస్తే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో పరీక్షించి చూశారు. ఫలితాలు 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. తొమ్మిది నెలల శిక్షణ పొందినవాళ్లు ఛాతీనొప్పి, ఉబ్బసం, పిల్లల విరేచనాల వంటి కేసులను మునుపటి కంటే సరిగ్గా గుర్తించారు. అనవసరపు మందులు ఇచ్చే అలవాటు మాత్రం తగ్గలేదు. మందు ఇస్తేనే డబ్బు వచ్చే వృత్తిలో పాఠం ఒక్కటే చాలదని దాన్నిబట్టి అర్థమవుతుంది. ఆర్‌ఎంపీని పొగిడినా తెగిడినా, అతని దగ్గరున్న రెండు గుణాలు సర్కారు కేంద్రానికి కావాల్సినవే: వేళకు దొరకడం, మనిషిని ఎరిగి ఉండటం.

బండి వచ్చింది, కార్డు వచ్చింది

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తెలుగువాళ్లు దేశానికిచ్చిన కానుక. ఒక్క నంబరు, ఒక్క ఫోను, బండిలో శిక్షణ పొందిన మనిషి. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ రెండో పెద్ద మలుపు. పెద్ద జబ్బు చేస్తే పొలమమ్మాల్సిన దుస్థితి నుంచి చాలా కుటుంబాలను అది తప్పించింది.

వీటితో పోలిస్తే పేరు తక్కువ వచ్చిన మూడో ఏర్పాటు 104 బండి. పీహెచ్‌సీకి మూడు కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్లకు నెలలో ఒక నిర్ణీత రోజున ఆ వాహనం వచ్చేది. గర్భిణులను చూసేది, బీపీ, షుగర్, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవాళ్లకు నెలకు సరిపడా మందులిచ్చేది. రెండు గంటల సేపు చెట్టు కింద నడిచే ఆసుపత్రి అది. తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ముసలివాళ్లు పొద్దున్నే చీటీలు పట్టుకుని వరసలో కూర్చునేవారు. బండి రాని నెల మందు లేని నెల. నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వానికి మారింది, కొన్నాళ్లు డీజిలుకు, కొన్నాళ్లు మందులకు కటకట. విభజన తర్వాత తెలంగాణలో అది క్రమంగా నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 108, 104 కలిపి 1,088 కొత్త వాహనాలను రోడ్డెక్కించింది.

ఆరోగ్యశ్రీ మీద తొలి గట్టి విమర్శ హైదరాబాద్ నుంచే వచ్చింది. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసంలో, ఈ నమూనా ప్రభుత్వ డబ్బును ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లిస్తోందని వాదించారు. ఆసుపత్రిలో చేరితేనే చెల్లింపు ఉన్న పథకం జనాన్ని ఆసుపత్రిలో చేరేలా చేస్తుంది. అందుకు గర్భసంచి ఆపరేషన్లే సాక్ష్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశంలో ఈ రెండు రాష్ట్రాలవే పైస్థానాలు. దీనికంతటికీ ఆరోగ్యశ్రీనే తప్పుపట్టలేం. తెల్లబట్ట, అధిక రక్తస్రావం లాంటి బాధలను మొదట్లోనే నిదానంగా విని మందిచ్చే వైద్యురాలు ఊరి దరిదాపుల్లో లేనప్పుడు, ‘తీసేస్తే పీడ పోతుంది’ అన్న మాటే వైద్యమైపోయింది. 2023 మహిళా దినోత్సవాన తెలంగాణ కరీంనగర్‌లో ప్రారంభించిన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్కులు ఆ లోటును గుర్తించిన ప్రయత్నమే.

రెండు రాష్ట్రాలు, రెండు దారులు

విభజన తర్వాత తెలంగాణ చూపు ముందుగా పట్నపు బస్తీల మీద పడింది. ఢిల్లీ మొహల్లా క్లినిక్కుల తరహాలో 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు తెరుచుకున్నాయి. కమ్యూనిటీ హాలులోనో, పాత వార్డు ఆఫీసులోనో రెండు గదులు, ఒక డాక్టరు, ఒక నర్సు, ఉచిత మందులు. ఉస్మానియా ఓపీలో పొద్దంతా నిలబడాల్సిన పని లేకుండా నడిచి వెళ్లి జ్వరానికి చూపించుకోవచ్చు. వీటి అసలు బలం వెనకాల ఉంది. దవాఖానాలో తీసిన రక్తనమూనా వాహనంలో నారాయణగూడలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పోతుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. థైరాయిడ్ పరీక్షకు ప్రైవేటు ల్యాబులో చేతి చమురు వదిలించుకునే పని తప్పింది. లోపం వేళల దగ్గరుంది. పగటి పూట మాత్రమే తెరిచి ఉండే దవాఖానాకు కూలికి పోయేవాడు వెళ్లాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. కట్టడాల మీద పనిచేసే వలస కూలీలు, ఇళ్లలో పాచిపని చేసే ఆడవాళ్లు సాయంత్రం ఏడుకు ఖాళీ అవుతారు. అప్పటికి తెరిచి ఉండేది మందుల షాపు.

ఆంధ్రప్రదేశ్ పల్లెను పట్టుకుంది. ఉపకేంద్రాలను విలేజ్ క్లినిక్కులుగా మార్చి, మొత్తం 10,032 చోట్ల నర్సింగ్ డిగ్రీ ఉన్న మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలను, అంటే ఎంఎల్‌హెచ్‌పీలను నియమించే పని మొదలుపెట్టింది. 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అక్కడే దొరకాలన్నది లక్ష్యం. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైన ‘ఫ్యామిలీ డాక్టర్’ పద్ధతిలో ప్రతి పీహెచ్‌సీకి ఇద్దరు వైద్యులు. ఒకరు కేంద్రంలో ఉంటే, రెండోవారు 104 వాహనంలో ఊళ్లకు వెళ్తారు. ప్రతి ఊరికి నెలకు రెండుసార్లు రాక. ఉదయం ఓపీ, మధ్యాహ్నం మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు, బడికి, అంగన్‌వాడీకి. 104 బండికి ఉన్న నిర్ణీత తేదీ, ఉపకేంద్రానికి ఉన్న శాశ్వత చోటు, ఆర్‌ఎంపీకి ఉన్న పరిచయం, మూడూ ఒకచోట కలిపే ఆలోచన ఇది. కాగితం మీద ఇంతకంటే మంచి నమూనా తెలుగు రాష్ట్రాల్లో ఇంతవరకు రాలేదు.

అమలులో చిక్కు మనుషుల దగ్గర వచ్చింది. ఎంఎల్‌హెచ్‌పీలది కాంట్రాక్టు కొలువు. ఉద్యోగ భద్రత, ప్రోత్సాహకాల కోసం వాళ్లు 2025 వేసవిలో సమ్మెకు దిగినప్పుడు క్లినిక్కులు వెలవెలబోయాయి. పీహెచ్‌సీ డాక్టర్లలో చాలామందికి ఆ కొలువు పీజీ సీటుకు మెట్టు. ఇన్‌సర్వీస్ కోటాను తగ్గించినందుకు 2024లోనూ, 2025లోనూ వాళ్లు ఆందోళన చేశారు. కోటా ఉంటే ఊళ్లో చేరతారు, సీటు రాగానే వెళ్తారు. కోటా లేకపోతే చేరనే చేరరు. పల్లెలో సాధారణ వైద్యుడిగా పదేళ్లు ఉండటాన్నే గౌరవమైన వృత్తిగా, పదోన్నతి ఉన్న దారిగా మార్చే ఆలోచన ఏ ప్రభుత్వమూ గట్టిగా చేయలేదు. ఫ్యామిలీ మెడిసిన్ అనే పీజీ చదువొకటి ఉందని చాలామంది ఎంబీబీఎస్ విద్యార్థులకే పట్టదు.

పేర్లు మారడం మరో తలనొప్పి. కేంద్రం 2018లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ అంది, 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంది. రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడల్లా గోడ రంగు, బోర్డు మీద పేరు మారతాయి. లోపలున్న నర్సుకు కొత్త యాప్, కొత్త లాగిన్ వస్తాయి. పాత యాప్‌లో ఉన్న రోగి వివరాలు కొత్తదాంట్లోకి రావు.

జబ్బు మారింది

వ్యవస్థను కట్టినప్పటి జబ్బులు వేరు. కలరా, మశూచి, మలేరియా, కాన్పులో మరణాలు వచ్చి పోయేవి, లేదా మనిషిని తీసుకుపోయేవి. ఇప్పటి జబ్బులు వచ్చి కూర్చుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో దాదాపు నలుగురిలో ఒకరికి, పురుషుల్లో ముగ్గురిలో ఒకరికి అటూఇటూగా బీపీ ఎక్కువగా ఉంది లేదా దానికి మందు వాడుతున్నారు. ఇది పట్నం జబ్బు కాదిప్పుడు. ఉపాధి హామీ పనికి పోయేవారిలోనూ ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇలా వచ్చి కూర్చునే జబ్బు తీరు మరింత కఠినంగా కనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల కొబ్బరి, జీడి తోటల మధ్య దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను తింటోంది. కారణం మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వాలు డయాలిసిస్ కేంద్రాలు పెట్టాయి, రోగులకు పింఛను ఇచ్చాయి, హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకం తెచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఒకప్పుడు రక్తశుద్ధి కోసం విశాఖ దాకా పోయినవాళ్లకు ఇది నిజమైన ఊరట. అయితే ఈ జబ్బు చాలాకాలం చడీచప్పుడు లేకుండా ముదురుతుంది. దాన్ని ముందే పట్టుకునేది ఊళ్లో చేసే క్రియాటినిన్ పరీక్ష, బీపీ అదుపు, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దని చెప్పే మనిషి. పెద్ద భవనానికి శిలాఫలకం ఉంటుంది. ఈ పనికి ఉండదు.

కంటి వైద్యంలో ఇదే తేడాను హైదరాబాద్ వేరే రకంగా చూపింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన ‘కంటి వెలుగు’ తొలి విడతలో కోటిన్నర మందికి కళ్లు పరీక్షించారు. అంత పెద్ద క్యాంపు గొప్ప సంగతే. కానీ రెండేళ్లకు అద్దాల పవరు మారుతుంది, కొత్తగా శుక్లం వస్తుంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో పల్లె ఆసుపత్రి తెరిచి, ఆ తర్వాత 50 వేల జనాభాకు ఒకటి చొప్పున దృష్టి కేంద్రాలను విస్తరించింది. స్థానిక యువతీయువకులకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది. వాళ్లు అద్దాలిస్తారు, తమకు మించినదాన్ని పైకి పంపుతారు, పైనుంచి తిరిగొచ్చినవాళ్లను మళ్లీ చూస్తారు. అక్కడ చూపించుకోవడానికి ఎవరూ క్యాంపు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

కొండ మీది ఊరికి

మైదానంలో చర్చ వేళల గురించైతే, మన్యంలో చర్చ ఇంకా దారి గురించే. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో నొప్పులు పడుతున్న గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొచ్చే దృశ్యం పత్రికల్లో ఏటా వానకాలంలో కనిపిస్తుంది. నాలుగు చక్రాల బండి ఎక్కలేని దారుల కోసం 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి. దారి అసలే లేని చోట అవీ ఆగిపోతాయి.

అక్కడ పనిచేసిన ఉపాయం ఇంకొకటి. కాన్పు తేదీకి ముందే గర్భిణిని కొండ దింపి, ఆసుపత్రికి దగ్గర్లో వసతి గృహంలో ఉంచడం. సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ మొదలుపెట్టిన గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పేరు తెచ్చుకుంది. తిండి, పడక, నర్సు పర్యవేక్షణ, తమ భాష మాట్లాడే తోటి ఆడవాళ్లు. ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పగలిగినప్పుడే ఆ తల్లి దిగివస్తుంది. రోడ్డు వేయడానికి అటవీ అనుమతులు, టెండర్లు కావాలి. దీనికి కావలసింది కాన్పు తేదీ సరిగ్గా రాసి ఉన్న రిజిస్టరు, ఆ ఇంటిని ఎరిగిన ఆశా కార్యకర్త.

కాన్పుల విషయంలో తెలుగు రాష్ట్రాలు గట్టెక్కాయని అంకెలు చెబుతాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఆసుపత్రికి చేరడమనే సమస్య తీరి, చేరాక ఏం చేస్తారన్న సమస్య వచ్చిందన్నమాట. అదే సమయంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కోతకు డబ్బు, గది, మత్తు డాక్టరు దొరికిన చోట, ఐరన్ మాత్ర ఆరు నెలలు వరసగా మింగించే పని వెనకబడింది.

ఆ పని చేసేది ఎవరు?

ఈ వరస తప్పని పనినంతా మోసేది ఏఎన్ఎం, ఆశా. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా పోస్టు పేరుకు స్వచ్ఛంద సేవ. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ మందులు, కళ్లెపరీక్షలు, కొవిడ్ రోజుల్లో ఇంటింటి జ్వర సర్వే అన్నీ వాళ్ల నెత్తినే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో వారి నెలసరి మొత్తాన్ని 3 వేల నుంచి 10 వేలకు పెంచింది, 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ప్రకటించింది. తెలంగాణలో స్థిర వేతనం కోసం ఆశాలు కోఠీలోని ఆరోగ్యశాఖ కార్యాలయం ముందు పదేపదే బైఠాయించారు. సగం పూట ఫీల్డులో, సగం పూట ఫోన్‌లో యాప్‌లు నింపుతూ గడిపే వీళ్లకు రోగి దగ్గర కూర్చోవడానికి మిగిలే సమయం ఎంత అన్నది ఎవరూ అడగని ప్రశ్న.

పొరుగున తమిళనాడు ఈ పనికే ఒక పథకం పెట్టింది. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో, తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్న ఆ సరిహద్దు ప్రాంతంలో, ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలైంది. బీపీ, షుగర్ మందులను స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన మహిళలు ఇంటికే తెచ్చిస్తారు. మంచాన పడ్డవారికి ఫిజియోథెరపీ, నొప్పి నివారణ సేవ ఇంట్లోనే. ఆ రాష్ట్రానికి అది సాధ్యమవడానికి పునాది పాతికేళ్ల ముందే పడింది. 1990ల నడుమ ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులను ఒక్కచోటే కొని, గిడ్డంగుల నుంచి పాస్‌బుక్ పద్ధతిలో ప్రతి ఆసుపత్రికీ పంపుతుంది. మందు నిల్వ నమ్మకంగా లేనిదే ఇంటికి చేర్చే మనిషి ఉండీ లాభం లేదు. కేరళ 2017లో ఆర్ద్రం మిషన్ పేరుతో పీహెచ్‌సీలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, సాయంత్రం దాకా ఓపీ నడిపించింది. మన బస్తీ దవాఖానాలకు లేనిదదే.

డబ్బు ఎటు పోతోంది

2017 జాతీయ ఆరోగ్య విధానం మూడు మాటలు చెప్పింది. 2025కల్లా ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతం కావాలి. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలి. మొత్తంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలి. 2021-22 నాటికి, కొవిడ్ ఖర్చు కలుపుకుని కూడా, ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.84 శాతం. జనం జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64 శాతం ఉన్నది 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. ఆ మిగిలిన ఖర్చులో పెద్ద భాగం ఓపీ, మందులు, పరీక్షలు. అంటే కార్డు పనిచేయని చోటే.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 మధ్య స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు కేటాయించింది. ఉపకేంద్రాల భవనాలు, పీహెచ్‌సీల్లో పరీక్షల సదుపాయం దాని ఉద్దేశం. భవనాలు లేచాయి. వాటిలో కూర్చునేవారి జీతాలు, రీఏజెంట్ల కొనుగోలు రాష్ట్రాల నెత్తిన పడతాయి.

ఏది లెక్కపెట్టాలి?

నెలనెలా మాత్ర రోగికి చేరడానికి కొత్త ఊహలేమీ అక్కర్లేదు. 2017 చివర్లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి చాలా సాదా. రాష్ట్రమంతా ఒకే మందుల వరస. ఒకసారి వస్తే నెలకు సరిపడా మాత్రలు. రోగి చేతిలో ఒక కార్డు. రాని వాళ్లకు ఫోను, తర్వాత ఆశా ఇంటికి వెళ్లడం. మూడు నెలలకోసారి ‘ఎంతమందిని పరీక్షించాం’ అని కాకుండా ‘నమోదైనవాళ్లలో ఎంతమందికి బీపీ అదుపులో ఉంది’ అని లెక్క తీయడం. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం, 2025కల్లా ఏడున్నర కోట్ల మంది బీపీ, షుగర్ రోగులకు ప్రామాణిక చికిత్స అందాలని లక్ష్యం పెట్టుకుంది.

ఈ లెక్క జిల్లా సమీక్షల్లో, ఢిల్లీ డ్యాష్‌బోర్డుల్లో ఉంటుంది. ఊళ్లో ఉండదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలు 2005 మిషన్ తెచ్చినవే. సర్పంచి, ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు అందులో సభ్యులు. చాలాచోట్ల అవి సంతకాల దగ్గరే ఆగాయి. నెలకోసారి ఆ కమిటీ ముందు మూడు అంకెలు చదివితే చాలు: నమోదైన బీపీ, షుగర్ రోగుల్లో ఈ నెల మందు తీసుకున్నవారెందరు, వాళ్లలో అదుపులో ఉన్నవారెందరు, ఏ మందు ఎన్ని రోజులు నిల్వలో లేదు. రోగుల పేర్లు బయటపెట్టాల్సిన పని లేదు. మందు ఆగింది గిడ్డంగి దగ్గరా, మనిషి రాక దగ్గరా, కూలి పోతుందన్న భయం దగ్గరా అన్నది అప్పుడు ఆ గదిలోనే తేలుతుంది. గిడ్డంగి సంగతి రాష్ట్రం చూసుకోవాలి. ఓపీ వేళలను సాయంత్రానికి జరపడం మాత్రం జిల్లా వైద్యాధికారి ఒక్క ఉత్తర్వుతో చేయగల పని.